నిన్నటంత వంకర

మొదట తప్పంతా మగ్గానిదే అంది కూర్మమ్మత్త.
పడుగు నడుమ కొన్ని పోగులు
ఏటి నీళ్ళలో కర్రలా వంగుతున్నాయని
అచ్చు విప్పించింది, మళ్ళీ కట్టించింది.
బరంపురంలో ఆ పని చేతనైనవాళ్ళు ఇద్దరే మిగిలారు,
ఇద్దరితోనూ తగువేసుకుంది.
"ఒలే గుంటా, నువ్వు సూడు" అంది.
చూశాను.
పోగులు తిన్నగానే ఉన్నాయి.
ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పోయిన ఠాకురాణి జాతరకి
అమ్మవారు మా వీధికి పుట్టింటికొచ్చిన రాత్రి
అత్తకి ఘటం కనబడలేదు,
చుట్టూ వేలాడే దండలు కనబడ్డాయి.
"నడుమ ఏటో మసి పూసినట్టుందే" అంటూ
కొంగెత్తి తుడిచింది
కళ్ళని కాదు, గాలిని.

ఆసుపత్రిలో డాక్టరు ఒడియాలో చెప్పాడు.
నేను తెలుగులోకి మోసుకొచ్చాను,
దారిలో కొంత ఒలికింది.
కంటి వెనక గోడ మీద ఆవగింజంత చోటట,
సూటి చూపంతా వచ్చి కూర్చునేది అక్కడేనట,
అది అరుగుతోందట.
"పొడి రకమే, తడి రకం కాదు, నయం" అన్నాడు.
ఆరేసిన బట్టల కబురేమో అనుకుంది అత్త.

"పొగ?" అనడిగాడు.
చిన్నపిల్లలా నా వెనక్కి జరిగింది.
నలభై ఏళ్ళ అడ్డపొగ మరి
నిప్పు నోటి లోపల, నవ్వు బయట.
చీటీ మీద రాసిన పేరు కొట్టేసి
ఇంకో పేరు రాశాడు.
క్యారెట్ సత్తువున్న మాత్ర చుట్ట తాగేవాళ్ళ ఊపిరితిత్తులకి చేటట.
ఇందులో ఆకుకూరల పసుపుంది, జింకుంది,
రవ్వంత రాగి కూడా.
"రాగా? సెంబుతో నీళ్ళు తాగితే సాలదేటి?"

నేను మాత్రం ఏం తెలివైనదాన్ని?
విటమిన్ అంటే నాకు మునగాకు, బొప్పాయి,
చిన్నప్పుడు మేక కార్జం తిని
మా తమ్ముడు రేచీకటి లోంచి లేచొచ్చిన కథ.
ఇదీ అలాగే పోతుందనుకున్నాను.
మందుల షాపు మెట్ల మీద కూర్చుని
డబ్బాలో మడతపెట్టిన కాగితం విప్పాను.
చీమలు కూడా ఇరుక్కునేంత అక్షరాలు.
వెతికాను. నయం అన్న మాట ఎక్కడా లేదు.
ఉన్నదల్లా మెల్లగా అన్న మాటే.
పోయింది రాదు.
పోబోయేది కాస్త మెల్లగా పోవచ్చు.
అదీ అందరికీ కాదు.

"ఎన్ని నెల్లు మింగితే తిన్నబడతాది?"
అబద్ధాలు రెండు మూడు నాలుక మీదే ఉన్నాయి.
"తిన్నబడదత్తా" అన్నాను.
మిగతాదంతా కూడా చెప్పేశాను.

చాలాసేపు కండె వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.
పట్టుకి రాకముందు నూలు నేసిన మనిషి.
"అంటే గంజన్నమాట" అంది.
"గంజి తెగిన పోగుని అతకదే గుంటా,
తెగందాన్ని ఇంకొన్నాల్లు నిలబెడతాది.
అలగని గంజెట్టకుండా ఎవుడు నేసినాడు?"

డాక్టరిచ్చిన గళ్ళ కాగితం, నడుమ నల్ల చుక్క,
చూసి నవ్వింది. కుంభాల అంచు గీసుకునే కాగితమేనట.
మగ్గం గుంజకి అన్నం మెతుకులతో అంటించింది.
చుట్ట మానేసిందని నేను చెప్పను.
పెట్టెలో మూడున్నాయి. నేను లెక్కపెడతానని తెలుసు,
తీసి, వాసన చూసి, మూడూ మళ్ళీ పెట్టేస్తుంది.
ఒక్కోరోజు రెండే ఉంటాయి.

ఇప్పుడు కుంభాలు నేను వేస్తున్నాను.
అత్త వేళ్ళతో తడిమి తప్పు పట్టుకుంటుంది.
నాతో మాట్లాడేటప్పుడు నా చెవి దుద్దుని చూస్తుంది,
అలా చూస్తేనే నా ముఖం
ఓ పక్కనుంచి కొంచెం దొరుకుతుందట.

పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని
అరచేత్తో ఒక కన్ను మూసి గుంజ ముందు నిలబడుతుంది.
నేను నాడె ఆపి వింటాను.
"నిన్నటంతే ఒంకర" అంటుంది,
అంచుకి మంచి ధర పలికిందన్నంత గట్టిగా,
పక్కింటికి వినబడేలా.
రాగి చెంబు కోసం చెయ్యి చాస్తుంది,
చెంబుకి జానెడు ఎడంగా.
నేను జరుపుతాను.